రెండో జట్టు

1982 జనవరి 12. సంక్రాంతి ఇంకా రెండు రోజులుంది. కర్నూలు పాతబస్తీలో మా అబ్బా దర్జీ దుకాణం. పండగ బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. బడికి సెలవులు కావడంతో నేను గడప దగ్గర కూచుని చొక్కాలకు కాజాలు కుడుతున్నాను. మిషన్ పక్కన చెక్క అరలో రేడియో మోగుతోంది. బొంబాయిలో హాకీ ప్రపంచ కప్ ఫైనల్. ఆడుతున్నవి పాకిస్తాన్, పశ్చిమ జర్మనీ.

మన జట్టు లేదు. సొంత గడ్డ మీద జరిగిన ప్రపంచ కప్‌లో సెమీఫైనల్ కూడా చేరలేక ఐదో స్థానంతో సరిపెట్టుకుంది. అయినా దుకాణం ముందు ఏడెనిమిది మంది నిలబడి వింటున్నారు. వాళ్లలో మా బడి డ్రిల్లు మాస్టారు ఒకరు. కుట్టడానికిచ్చిన ప్యాంటు కోసం వచ్చి, కామెంటరీ విని ఆగిపోయారు. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్‌లో హాకీ ఆడిన మనిషి. హిందువు.

ఆట ముగిసింది. పాకిస్తాన్ 3, జర్మనీ 1. మాస్టారు రెండు చేతులూ పైకెత్తి "గెలిచినామప్పా!" అని కేక పెట్టారు. "హసన్ సర్దార్ అంటే ఏమనుకుంటివి సాయిబూ! ధ్యాన్‌చంద్ ఆట ఆడినాడు వాడు!" అని మా అబ్బా భుజం మీద చరిచారు. సరిగ్గా అప్పుడే మా అబ్బా చెయ్యి చాచి రేడియో సౌండు తగ్గించాడు.

ఇద్దరి ముఖాల్లోనూ ఉన్నది ఒకటే సంతోషం. నేను చూశాను. మాస్టారి సంతోషం బజారంతా వినిపించింది. మా అబ్బాది మీసం దాటి బయటికి రాలేదు. "ఏం సాయిబూ, ఇప్పుడే తగ్గిస్తివే?" అని మాస్టారు అడిగితే, "సెల్లులు అయిపోతున్నాయి సార్" అన్నాడు మా అబ్బా.

ఆ రేడియో సెల్లులది కాదు. కరెంటుది.

నాకప్పుడు పన్నెండేళ్లు. మా అబ్బా అబద్ధమాడగా వినడం అదే మొదటిసారి. ఎందుకాడాడో అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండానే మా పిల్లలకు కొన్ని సంగతులు తెలిసిపోతాయి.

హాకీయే కాదు, ఏ ఆట చూసే మనిషికైనా ఒక రెండో జట్టు ఉంటుంది. తన జట్టు టోర్నమెంటులో ఉన్నంతసేపూ దాని ఊసుండదు. తన జట్టు ఓడి ఇంటిదారి పట్టాక, మిగిలిన వాళ్లలో ఎవరో ఒకరిని ఎంచుకుంటాడు. లేకపోతే ఆట చూడబుద్ధి కాదు. ఎందుకు ఎంచుకున్నావంటే పెద్ద కారణాలేవీ ఉండవు. ఒకడికి ఒక ఆటగాడి చేతివాటం నచ్చుతుంది. మనల్ని ఓడించినవాడు కూడా ఓడిపోవాలని ఇంకొకడికి కసి. చిన్న జట్టు గెలిస్తే చూడాలని మరొకడికి సరదా. పొరుగువాడనో, మన భాషే మాట్లాడతాడనో, మన తిండే తింటాడనో కొందరికి అభిమానం. ఏ కారణం అయినా చెల్లుతుంది. ఏ కారణమూ లేకపోయినా చెల్లుతుంది. ఆట ఇచ్చే స్వేచ్ఛల్లో ఇదొకటి.

ఈ మధ్య సంగతే చూడండి. 2024 సెప్టెంబర్‌లో చైనాలోని హులున్‌బుయిర్‌లో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ హాకీ జరిగింది. సెమీఫైనల్లో పాకిస్తాన్‌ను చైనా షూటౌట్‌లో ఓడించింది. మర్నాడు, 17న, ఫైనల్లో మన జట్టు చైనాతో ఆడింది. గ్యాలరీలో కూచున్న పాకిస్తాన్ ఆటగాళ్లు చేతుల్లో చైనా జెండాలు పట్టుకుని, చెంపల మీద చైనా జెండా బొమ్మలు అంటించుకుని కెమెరాలకు చిక్కారు. నిన్న తమను ఓడించిన జట్టుకే ఇవాళ జేజేలు! జుగ్‌రాజ్ సింగ్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో మనవాళ్లు గెలిచారు. ఆ జెండాల ఫొటోలు ఇంటింటికీ తిరిగాయి. మనవాళ్లు పగలబడి నవ్వారు, కొందరు తిట్టారు. రెండు రోజుల్లో మర్చిపోయారు. నాకు మాత్రం ఆ ఫొటో చూస్తే నవ్వుకంటే ముందు అసూయ కలిగింది. ఆ కుర్రాళ్లకు రెండో జట్టును ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. అది మన మీద ఉక్రోషంతో ఎంచుకున్నదే కావచ్చు, ఆతిథ్యమిచ్చిన దేశం మీద మర్యాదతో కావచ్చు. ఎంచుకున్నారు, జెండా ఊపారు, ఇంటికెళ్లారు.

మన దేశంలో ముస్లింకు రెండో జట్టు లేదు. ఉంటే రేడియో సౌండు తగ్గించాలి.

సెక్యులర్ మిత్రులు ఇక్కడ అడ్డు తగులుతారని తెలుసు. "అందరికీ వర్తించేదే కదా, పాకిస్తాన్‌ను ఎవరు సమర్థించినా జనం ఒప్పుకోరు" అంటారు. మరి మా డ్రిల్లు మాస్టారిని బజారు ఒప్పుకుంది కదా! ఆయన "గెలిచినాము" అన్నారు. ఆ 'నాము'లో ఎవరెవరున్నారని ఎవరూ అడగలేదు. హాకీ పిచ్చోడు అనుకున్నారు, అంతే. అదే మాట మా అబ్బా అని ఉంటే?

ఆ 'నాము' ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో భారత హాకీ జట్టు తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. కెప్టెన్ జైపాల్ సింగ్, ఆదివాసీ బిడ్డ. ఆ జట్టులో ఫిరోజ్ ఖాన్ ఉన్నాడు. జలంధర్‌లో పుట్టాడు, విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లాడు, నూరేళ్లు బతికి 2005లో కరాచీలో చనిపోయాడు. 1932 లాస్ ఏంజెలెస్ జట్టుకు లాల్ షా బుఖారీ కెప్టెన్. అమెరికాను 24-1తో ఓడించిన జట్టది. ఆయన తర్వాత పాకిస్తాన్ దౌత్యాధికారి అయ్యాడు. 1936లో బెర్లిన్‌కు వెళ్లిన ధ్యాన్‌చంద్ జట్టు అక్కడ ప్రాక్టీసు ఆటలో జర్మన్ల చేతిలో ఓడిపోతే, కంగారు పడి మనదేశం నుంచి అలీ ఇక్తిదార్ షా దారాను విమానంలో పిలిపించుకున్నారు. ఫైనల్లో 8-1తో జర్మనీని చిత్తు చేసిన తేదీ ఆగస్టు 15. పదకొండేళ్ల తర్వాత ఆ తేదీకి వేరే అర్థం వస్తుందని అప్పుడెవరికి తెలుసు?

1948లో లండన్ ఒలింపిక్స్‌కు పాకిస్తాన్ తొలిసారి జట్టును పంపినప్పుడు దాని కెప్టెన్ ఎవరో తెలుసా? ఆ దారాయే. ధ్యాన్‌చంద్ పక్కన ఆడి భారత్‌కు స్వర్ణం తెచ్చినవాడే. ఇటు మన జట్టులో కేశవ్ దత్ ఉన్నాడు, లాహోర్ కుర్రాడు. 1947 అల్లర్లలో ఆయనకు లాహోర్‌లో ఆశ్రయమిచ్చిన కాలేజీ స్నేహితుడు షహజాదా షారుఖ్ పాకిస్తాన్ జట్టులో ఉన్నాడు. ఒకే మైదానంలో ఆట నేర్చుకున్నవాళ్లు రెండు రంగుల చొక్కాలేసుకుని లండన్‌లో దిగారు. ఆగస్టు 12న వెంబ్లీలో బ్రిటన్‌ను 4-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. పాకిస్తాన్ నాలుగో స్థానంలో ఆగింది.

అదే భారత జట్టులో అఖ్తర్ హుసేన్, లతీఫుర్ రెహ్మాన్ అనే ఇద్దరు ఉన్నారు. వాళ్ల గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కడా ఎవరూ చెప్పరు. 1948లో వాళ్లు భారత ఆటగాళ్లు. స్వతంత్ర భారతం తొలి స్వర్ణంలో వాళ్ల పాలు ఉంది. తర్వాత పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఎనిమిదేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, పాకిస్తాన్ జట్టులో కనిపించారు. ఫైనల్ ఆ రెండు దేశాల మధ్యే. భారత్ 1-0తో గెలిచింది. అఖ్తర్‌కు, లతీఫ్‌కు వెండి పతకాలు. ఇంట్లో ఒకే గూట్లో భారత్ తరఫున గెలిచిన బంగారు పతకం, భారత్ చేతిలో ఓడి తెచ్చుకున్న వెండి పతకం పక్కపక్కన పెట్టుకున్న మనుషులు వాళ్లు. ఆ తర్వాత రేడియోలో భారత్ ఆట వస్తే వాళ్లు ఎవరి గెలుపు కోరుకున్నారు? పాకిస్తాన్ ఓడిపోయి ఇంటికొచ్చిన ఏడాది, భారత్ ఫైనల్లో ఉంటే? వాళ్లను అడిగి రాసుకున్నవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు. అడిగితే మాత్రం, పాకిస్తాన్‌లో వాళ్లూ ఒకసారి కిటికీ వైపు చూసుకునే జవాబు చెప్పి ఉంటారు.

విభజన భూమిని పంచింది. ఆటను పంచలేకపోయింది. అటూ ఇటూ ఒకటే ఆట మిగిలింది. పొట్టి పాస్‌లు, కర్రకు బంతి అతుక్కున్నట్టు డ్రిబ్లింగ్, మణికట్టు తిప్పి ఎదుటివాణ్ని అటు పంపి తాను ఇటు వెళ్లడం. యూరప్ వాళ్లది వేరే ఆట. బలంగా కొట్టడం, పరుగు, పెనాల్టీ కార్నర్లు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పచ్చిక పోయి కృత్రిమ మైదానం వచ్చింది. బంతి వేగం పెరిగింది. మన మణికట్లకు పని తగ్గింది. ఆ ఏడాది మనకు ఏడో స్థానం. హాకీ ఆడటం మొదలెట్టాక పతకం లేకుండా ఒలింపిక్స్ నుంచి తిరిగి రావడం అదే మొదలు. అలాంటి మైదానాలు వేసుకునే డబ్బు యూరప్‌కుంది. మన బడుల్లో మట్టి కూడా చదును చేసి ఉండదు. వెదురు కర్రతో, చింపిరి గుడ్డల బంతితో ఆడిన మాకు ఆ సంగతి బాగా తెలుసు.

అందుకే 1982 జనవరిలో మా మాస్టారి నోట 'గెలిచినాము' వచ్చింది. మనం పోయాం. మన ఆట ఇంకా మైదానంలో ఉంది. ఎడమ అంచున గుర్రంలా దౌడుతీసే సమీయుల్లా, టోర్నమెంటు మొత్తంలో మేటి ఆటగాడనిపించుకున్న హసన్ సర్దార్ ఆడుతున్నది మన ఆటే. బనారస్ కుర్రాడు మొహమ్మద్ షాహిద్ మన జట్టులో ఆడుతున్న ఆట, కరాచీ కుర్రాడు అవతల ఆడుతున్న ఆట ఒకే నీటి రెండు బిందెలు. ఎదురుగా జర్మనీ. హాకీ తెలిసినవాడెవడైనా ఆ రోజు పాకిస్తాన్ వైపే మొగ్గుతాడు. కసితోనైనా మొగ్గే రోజులూ ఉన్నాయి. 1968 మెక్సికోలో మనల్ని సెమీఫైనల్లో 2-1తో ఓడించింది ఆస్ట్రేలియా. ఫైనల్లో అదే ఆస్ట్రేలియాను అదే 2-1తో పాకిస్తాన్ ఓడించింది. మా మాస్టారు ఆ ఆట కథ చెబుతూ "మన బాకీ వాళ్లు తీర్చినారు" అనేవారు. 1965 యుద్ధం జరిగి మూడేళ్లే అయింది అప్పటికి. అయినా ఆయన అలాగే అనేవారు.

1971 వేరు. తొలి ప్రపంచ కప్ లాహోర్‌లో జరగాల్సింది. రెండు దేశాల మధ్య మంటల వల్ల బార్సిలోనాకు మారింది. అక్కడ సెమీఫైనల్లో మనల్ని ఓడించింది పాకిస్తానే. ఫైనల్లో వాళ్లు స్పెయిన్ మీద గెలిచారు. ఆ ఏడాది మాస్టారు స్పెయిన్ వైపు. ఇందులో తప్పేమీ లేదు. రెండో జట్టు ఏడాదికేడాదికీ మారుతుంది, మనల్ని ఎవరు ఓడించారన్న దాన్నిబట్టి. దానికి ఆ చాంచల్యం ఉండాలి. మా విషయంలోనే అది పుట్టుమచ్చలా ఒకచోటే ఉంటుందని ఎందుకనుకుంటారు?

ఇప్పుడు ఆ ఏడాదే వచ్చిన రెండో రోజు గురించి చెప్పాలి. 1982 డిసెంబర్ 1. ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్. ఈసారి ఎదురెదురుగా మనమూ, పాకిస్తానూ. మన కెప్టెన్ జఫర్ ఇక్బాల్. ప్రధాని ఇందిరాగాంధీ చూడటానికి వచ్చారు. మా దుకాణం ముందు జనవరిలో కంటే మూడింతల జనం. అబ్బా రేడియో సౌండు పూర్తిగా పెంచాడు. మొదటి గోలు మనదే. ఎగిరి గంతేశాం. తర్వాత ఏడు గోలులు వాళ్లవి. నాలుగోది పడ్డాక జనం కదిలిపోవడం మొదలెట్టారు. ఆరోది పడ్డాక అబ్బా మిషన్ ఆపాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాను. ఆయనకు హాకీ అంటే అంత ప్రాణం.

వెళ్తూ వెళ్తూ ఒకడు అన్నాడు, "ఏం సాయిబూ, మిఠాయి లేదా?"

పొద్దున్నే చొక్కా కొలతలిచ్చి పోయిన మనిషే. నవ్వుతూనే అన్నాడు. పక్కన ఇంకో ఇద్దరు నవ్వారు. మాస్టారు ఆ రోజు లేరు. అబ్బా కూడా నవ్వాడు. ఆ నవ్వును నేను నలభై ఏళ్లుగా మర్చిపోలేదు. కళ్లు తుడుచుకోకుండానే నవ్వాడు.

జనవరిలో సంతోషాన్ని దాచుకోవడం, డిసెంబర్‌లో ఏడుపును చూపించి కూడా నమ్మించలేకపోవడం. పదకొండు నెలల్లో మాకు రెండు పాఠాలూ అయిపోయాయి.

ఆ 7-1 ఓటమి తర్వాత మన గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ అనుభవించింది అందరికీ తెలుసు. పాకిస్తాన్‌కు అమ్ముడుపోయాడన్నారు. ఆయన ఏళ్ల తరబడి ఆ మచ్చ మోశాడు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచినప్పుడు గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చింది ఆయనే. 2007లో 'చక్ దే ఇండియా' సినిమా వచ్చింది. అందులో నటులకు హాకీ నేర్పింది నేగీయే. సినిమాలో మాత్రం పాకిస్తాన్‌తో ఆటలో ఓడి ద్రోహి ముద్ర వేసుకున్న కెప్టెన్ పేరు కబీర్ ఖాన్. ఒక హిందువు మీద ఆ నింద ఎందుకు పడిందో చెప్పాలంటే తెర మీద అరగంట కథ కావాలి. కబీర్ ఖాన్ మీద ఎందుకు పడిందో చెప్పడానికి ఒక్క ముక్క అక్కర్లేదు. హాల్లో కూచున్న ప్రేక్షకుడికి ముందే తెలుసు. సినిమా నాకు నచ్చింది. రెండుసార్లు చూశాను. కానీ ఆ కెప్టెన్ తిరిగి ఇంటికి రావడానికి ప్రపంచ కప్ గెలవాల్సి వచ్చింది. మా అబ్బా లాంటి దర్జీ ఏ కప్పు గెలవాలి?

మాలో దేశానికి కప్పు తెచ్చినవాళ్లు లేక కాదు. 1975 కౌలాలంపూర్ ప్రపంచ కప్ సెమీఫైనల్లో మలేసియా మీద ఓడిపోయే దశలో అస్లం షేర్ ఖాన్‌ను మైదానంలోకి దింపారు. భోపాల్ కుర్రాడు. తండ్రి అహ్మద్ షేర్ ఖాన్ 1936 బెర్లిన్ జట్టులో ఆడినవాడు. మెడలో తావీజును ముద్దు పెట్టుకుని పెనాల్టీ కార్నర్ కొట్టాడు. గోలు. ఆట సమమైంది, ఆ తర్వాత మనం 3-2తో గెలిచాం. ఫైనల్లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించాం. మనం గెలిచిన ఏకైక ప్రపంచ కప్ అది. ఆ తావీజు కథ మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా అమ్మీ అయితే కప్పు తావీజే గెలిచిందన్నట్టు చెప్పేది. దేశం కూడా ఆ తావీజును మెచ్చుకుంది. నాకొక్కటే అనుమానం. ఆ బంతి గోలు కర్ర పక్కనుంచి బయటికి పోయి ఉంటే, ఆ తావీజు గురించి మర్నాడు ఏం రాసి ఉండేవాళ్లు?

ఇంతవరకూ చెప్పి ఒక సంగతి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. మా గల్లీల్లో భారత్ మీద పాకిస్తాన్ గెలవాలని కోరుకున్నవాళ్లూ ఉన్నారు. నేను చూశాను. ఒకసారి ఒక కుర్రాడు టపాసు కూడా పేల్చాడు. వాడికి పాకిస్తాన్ పటంలో ఎటువైపుందో కూడా సరిగా తెలియదు. ముందురోజు కాలేజీలో వాణ్ని ఏమన్నారో నాకు తెలుసు. మా పెద్దలు వాణ్ని పిలిచి గట్టిగా తిట్టారు. నేనూ తిట్టాను. నువ్వు పేల్చింది ఒక టపాసు, దాని పొగ మా అందరి ఇళ్లల్లోకీ వస్తుందని అన్నాను. ఇంటికొచ్చాక మాత్రం నా కోపం మీద నాకే అనుమానం వచ్చింది. నాకు కోపం వచ్చింది వాడు దేశాన్ని అవమానించాడనా, లేక రేపు ఆఫీసులో నేను జవాబు చెప్పుకోవాలనా? మొదటిదే అని చెప్పుకోవాలనుంటుంది. రెండోది కూడా ఉంది.

నేను మాట్లాడుతున్నది ఆ టపాసు గురించి కాదు. మన జట్టు బరిలో ఉన్నప్పటి సంగతి అది. ఇది మన జట్టు ఇంటికి వెళ్లాక మిగిలిన ఖాళీ గురించి. ఆ రెండింటినీ కలిపి ఒకే కేసుగా రాసేవాళ్లతోనే నా పేచీ. ఆ కేసులు మాటవరసకు అనడం లేదు. 2017 జూన్‌లో చాంపియన్స్ ట్రోఫీ క్రికెట్ ఫైనల్లో పాకిస్తాన్ గెలిచాక, మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ జిల్లాలో సంబరాలు చేసుకున్నారంటూ 15 మంది ముస్లింలను రాజద్రోహం కింద అరెస్టు చేశారు. ఫిర్యాదు చేశాడని పోలీసులు చూపించిన మనిషే నేను ఫిర్యాదు చేయలేదన్నాడు. రాజద్రోహం సెక్షన్ తీసేసి వేరే సెక్షన్ పెట్టారు. 2023లో కోర్టు నిర్దోషులని తేల్చింది. ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగినవాళ్లు కూలీనాలీ చేసుకునేవాళ్లు.

1990లో ఇంగ్లండ్‌లో నార్మన్ టెబిట్ అనే కన్సర్వేటివ్ నాయకుడు ఇలాంటి పరీక్షే పెట్టాడు. అక్కడ స్థిరపడ్డ ఆసియా వాళ్లు క్రికెట్‌లో ఏ జట్టుకు జేజేలు కొడుతున్నారో చూస్తే వాళ్ల విధేయత తెలిసిపోతుందన్నాడు. అది జాత్యహంకారమని మనవాళ్లంతా మండిపడ్డారు. మండిపడటం న్యాయమే. బ్రిటిష్ పాస్‌పోర్టు పెట్టుకుని, పిల్లల్ని అక్కడే కని, బర్మింగ్‌హామ్ గ్యాలరీలో కూచుని ఇంగ్లండ్ మీద భారత్ గెలవాలని అరిచే తెలుగువాళ్లు నాకు తెలుసు. వాళ్లు చేసింది తప్పని నేననను. అది పుట్టిన మట్టి వాసన. కానీ టెబిట్‌ను తిట్టిన నోళ్లే ఇక్కడ మాకు టెబిట్ పరీక్ష పెడుతుంటే ఏమనాలి? అదీ మా మట్టి ఇదే అయినప్పుడు!

నేను కూడా ఆ పరీక్ష రాశాను. 1994 డిసెంబర్ 4, సిడ్నీ. ప్రపంచ కప్ ఫైనల్. మనకు మళ్లీ ఐదో స్థానం. హైదరాబాద్ కుర్రాడు ముకేశ్ కుమార్ లాంటివాళ్లు మన హాకీకి ఊపిరి పోస్తున్న రోజులవి, అయినా ఐదో స్థానమే. ఫైనల్లో పాకిస్తాన్, హాలండ్. షాబాజ్ అహ్మద్ ఆట కోసం హాకీ ప్రేమికులు కాచుకుని ఉండేవాళ్లు. ఆట 1-1తో సమమై పెనాల్టీ స్ట్రోకుల దాకా వెళ్లింది. గోల్‌కీపర్ మన్సూర్ అహ్మద్ చివరి స్ట్రోకును ఆపాడు. పాకిస్తాన్ గెలిచింది. మర్నాడు నేను పనిచేసే ఆఫీసులో టీ తాగుతుంటే ఒక సహోద్యోగి, మంచివాడే, అభ్యుదయ భావాలున్నవాడే, నవ్వుతూ అడిగాడు: "ఏంటి భాయ్, నిన్న హుషారా?"

"లేదండీ, నేను హాలండ్ వైపు" అన్నాను.

హాలండ్ జట్టులో ఒక్క ఆటగాడి పేరు కూడా నాకు రాదు. అడిగితే దొరికిపోయేవాణ్ని. అడగలేదు. జవాబు సరిపోయినట్టుంది, టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. బాబ్రీ మసీదు కూలి అప్పటికి రెండేళ్లు నిండడానికి ఒక్క రోజు తక్కువ. ఆ రెండేళ్లలో మేము చాలా ప్రశ్నలకు సరిపోయే జవాబులు చెప్పడం నేర్చుకున్నాం.

ఆ మన్సూర్ అహ్మద్‌కు తర్వాత గుండె జబ్బు చేసింది. 2018లో గుండె మార్పిడి కోసం భారత్‌ను సాయమడిగాడు. ఆడే రోజుల్లో ఎంతోమంది భారతీయుల గుండెలు పగలగొట్టి ఉంటాను, అది ఆట, ఇప్పుడు నాకు మీ సాయం కావాలి అన్నాడు. మనదేశంలోని ఒక ఆసుపత్రి ముందుకొచ్చింది. ఆ ప్రయాణం జరగకుండానే మే 12న కరాచీలో చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ టీ గుర్తొచ్చింది. సిడ్నీలో అతను ఆపిన బంతిని చూసి గదిలో ఒక్కణ్నే లేచి నిలబడ్డాను నేను. మర్నాడు కాదన్నాను. ఒక మంచి గోల్‌కీపర్‌ను మెచ్చుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. అదీ ఇలా కాగితం మీద.

మా అబ్బా ఇప్పుడు లేరు. మాస్టారూ లేరు. అబ్బా పోయినప్పుడు మాస్టారు వచ్చి జనాజా వెంట కబరస్తాన్ దాకా నడిచారు. దారిలో నాతో "మీ నాయన హాకీ బాగా ఎరిగిన మనిషప్పా, కానీ ఎప్పుడూ గట్టిగా అరవలేదు" అన్నారు. ఆయనకు నిజంగానే తెలియదు. ముప్పై ఏళ్లు ఆ దుకాణంలో కూచుని హాకీ మాట్లాడిన మనిషికి తెలియదు. చెప్పాలనిపించింది. చెప్పలేదు.

2024 సెప్టెంబర్ 16న చైనా, పాకిస్తాన్ సెమీఫైనల్ చూస్తూ నేనూ మా అబ్బాయీ ఇంట్లో కూచున్నాం. మన సెమీఫైనల్ తర్వాత, కొరియాతో. మనవాళ్లు ఎలాగూ గెలుస్తారని ధీమా. రెండు రోజుల ముందే లీగ్‌లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ఉన్నాం. షూటౌట్ మొదలైంది. మావాడు "పాకిస్తాన్ గెలవాలి అబ్బా, గెలిస్తేనే ఫైనల్లో మళ్లీ కొట్టొచ్చు!" అని గట్టిగా అరిచాడు.

హాకీ తెలిసిన ఏ కుర్రాడైనా అరిచే మాటే. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి వీధి తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. వాడు చూడలేదు. పాకిస్తాన్ ఒక్కటి కూడా వేయలేకపోయింది, షూటౌట్ 2-0తో చైనా గెలిచింది. "ఛ!" అన్నాడు మావాడు. తలుపు అలాగే ఉంది.